పొచింకి దారి ఎందుకు మరుపు రాదు

పబ్‌జీ మొబైల్ ఆడటం మానేసి నాలుగైదేళ్లు గడిచిన యువకుడిని ఇప్పుడు అడిగినా, ఆ ఆటలోని రోజోక్ అనే ఊరి నుంచి దక్షిణానికి దిగితే స్కూలు వస్తుందనీ, అక్కడి నుంచి నైరుతి దిక్కుగా పొలాలకు అడ్డంపడి పరుగెత్తితే పొచింకి అనే ఊరు చేరవచ్చనీ, దక్షిణాన నీళ్లకు అవతల ఉన్న మిలిటరీ బేస్‌కు రెండు వంతెనలు ఉన్నాయనీ, ఆ వంతెనల మీద ఎవరో ఒకరు కాపు కాసి ఉంటారనీ తడుముకోకుండా చెబుతాడు. తాను రెండేళ్లు అద్దెకున్న ఇంటి వెనక వీధి పేరు అతనికి గుర్తుండకపోవచ్చు. ఇవన్నీ ఉన్న, ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల ఎరాంగెల్ అనే ఆ దీవి భూమ్మీద ఎక్కడా లేదు. దాన్ని రూపొందించిన బ్రెండన్ గ్రీన్ తన కూతురు ఎరిన్ పేరుకు ఏంజెల్ అనే మాటను కలిపి ఆ పేరు పెట్టాడు. 2017 మార్చిలో కంప్యూటర్ల మీదికి, 2018లో మొబైల్ ఫోన్ల మీదికి వచ్చిన ఆ దీవిలో తెలుగునాట ఒక తరం యువకులు గడిపిన సాయంత్రాలకు లెక్క లేదు.

ఆ జ్ఞాపకం అంత గట్టిగా నిలవడానికి బొమ్మల అందమే కారణమనుకోవడం తేలిక. అయితే ఎరాంగెల్ అందానికి పేరుపడ్డ చోటు కాదు. ఎండిన గడ్డి పొలాలు, రంగు వెలిసిన గోడలు, నీళ్లు లేని ఈతకొలనుతో పాడుబడ్డ బడి, ఒక చర్చి, కొన్ని గోదాములు తప్ప అందులో కళ్లను కట్టిపడేసేది ఏమీ లేదు. అంతకన్నా వైభవంగా చిత్రించిన ఆటలు ఎన్నో వచ్చాయి. వాటిలోని కోటలూ కనుమలూ ఆట ముగిసిన నెలకే మనసులోంచి జారిపోయాయి. కనుక కారణాన్ని బొమ్మల్లో కాక మరోచోట వెతకాలి. ఆ చోట్లలో స్నేహితులు కలిసి చేసిన సాహసాల కంటే, అక్కడ కలిసి నడిచిన దూరాలూ, ఏమీ జరగకుండా కలిసి ఎదురుచూసిన నిమిషాలే వాటిని మరుపురానివిగా చేశాయని ఈ వ్యాసం వాదన. ఆట చేతులకు కాసేపు విరామమిచ్చి నోటికి పని కల్పించిన చోటే ఊరవుతుంది.

ముందుగా మెదడు సంగతి చూడాలి, ఎందుకంటే లేని దీవిలోని దారి ఉన్న ఊరి దారిలాగే గుర్తుండటం వింతగా తోస్తుంది గాని, మెదడుకు అందులో వింత ఏమీ లేదు. ఎలుక ఒకానొక మూలకు వచ్చినప్పుడు మాత్రమే చురుకయ్యే కణాలు దాని మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఉన్నాయని 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్ కనుగొన్నాడు. నేలను గళ్ల కాగితంలా కొలిచే మరో రకం కణాలను 2005లో నార్వేలో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ బృందం గుర్తించింది. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి లభించింది. ఇక్కడ మరింత అవసరమైనది 2013లో వెలువడిన ఒక ప్రయోగం. మూర్ఛ వ్యాధి చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగుల చేత పరిశోధకులు కంప్యూటర్ తెర మీద ఒక చిన్న పట్టణంలో తిరుగుతూ దుకాణాలకు సరుకులు అందజేసే ఆట ఆడించారు. తరువాత ఆ పట్టణాన్ని పక్కనబెట్టి, అందజేసిన సరుకుల పేర్లు మాత్రమే చెప్పమన్నారు. ఒక్కో సరుకు పేరు గుర్తుకు వస్తున్న వేళ, దాన్ని అందజేసిన చోటుకు సంబంధించిన కణాలే మళ్లీ చురుకయ్యాయి. చోటు గురించి ఎవరూ అడగలేదు. అయినా సంఘటన గుర్తుకు రావడంతో పాటే చోటు కూడా లేచి వచ్చింది.

దీని నుంచి గ్రహించవలసింది ఒకటుంది. జ్ఞాపకంలో చోటు ఒంటరిగా నిలవదు, జరిగిన దానితో ముడిపడి నిలుస్తుంది. ఆ ముడి రెండు వైపులా పనిచేస్తుంది. మాట గుర్తుకు వస్తే చోటు గుర్తుకు వస్తుంది, చోటు కనిపిస్తే మాట వినిపిస్తుంది. ఆటలోని గుట్టను చూడగానే ఫలానా స్నేహితుడు ఫలానా రాత్రి అక్కడ చెప్పిన కబురు చెవిలో పలకడానికి కారణం ఇదే. అలాంటి మాటలు పుట్టే వీలు ఏ ఆటలో ఎక్కువ, ఏ ఆటలో తక్కువ అన్నదే ఇక తేల్చవలసిన విషయం.

స్నేహితులతో కలిసి లేని లోకంలో తిరిగే అలవాటు ఈ నాటిది కాదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు మొదలుపెట్టిన మడ్ అనే ఆటలో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్ వచ్చాయి. ఈ రెండవది ఇక్కడ కొంత వివరంగా చూడదగినది.

ఎవర్‌క్వెస్ట్‌లో దూరం నిజంగా దూరంగానే ఉండేది. ఒక ఖండం నుంచి మరో ఖండానికి వెళ్లాలంటే రేవులో నిలబడి పడవ కోసం కాచుకోవాలి, వచ్చాక ఎక్కి సముద్రం దాటేదాకా కూర్చోవాలి. మంత్రాలు వాడే పాత్రలు శక్తి ఖర్చయ్యాక నేల మీద చతికిలబడి అది తిరిగి నిండేదాకా నిమిషాల తరబడి ఆగాలి. గుంపులో ఒక్కరు కూర్చుంటే మిగతావారూ ఆగవలసిందే. ఆగినవారు ఏం చేస్తారు? మాట్లాడుకుంటారు. ఊళ్లు, ఉద్యోగాలు, పిల్లల జ్వరాలు, పరీక్షలు అన్నీ ఆ ఆగిన నిమిషాల్లోనే మాటల్లోకి వచ్చేవి. ఆ ఆటలో అంగడి అనే ఏర్పాటు కూడా మొదట్లో లేదు. వస్తువు అమ్ముకోవాలన్నా కొనుక్కోవాలన్నా మనిషి ఎదుట మనిషి నిలబడాలి. అందుకని ఈస్ట్ కామన్‌ల్యాండ్స్ అనే ప్రాంతంలోని ఒక సొరంగం, ఆ లోకపు వేర్వేరు ప్రతులను నడిపే సర్వర్లలో చాలావాటిలో సంతగా మారింది. ఆట తయారుచేసినవారు దాన్ని సంత కోసం కట్టలేదు. నాలుగు దారులకు దగ్గరగా ఉండటం, నిలబడటానికి క్షేమంగా ఉండటం చూసి ఆటగాళ్లే దాన్ని ఎంచుకున్నారు. అమ్మేవాళ్ల కేకలతో, బేరాలతో, పని లేకపోయినా వచ్చి నిలబడే పాత కాపులతో ఆ సొరంగం నిండిపోయేది.

ఆటకు అదనపు భాగంగా 2001 డిసెంబరులో వచ్చిన విస్తరణతో ఆటలోకి బజార్ అనే ప్రత్యేక స్థలం వచ్చింది. అమ్మకందారు తన పాత్రను అక్కడ నిలబెట్టి, ధరలు రాసిపెట్టి, కంప్యూటర్‌ను అలాగే వదిలి నిద్రపోవచ్చు. కొనేవాడు జాబితాలో వెతుక్కుని కొనుక్కోవచ్చు. ఇద్దరికీ సౌకర్యమే. సొరంగం మాత్రం నిర్మానుష్యమైంది. ఒక్క రాయి కదలలేదు, ఒక్క గోడ కూలలేదు, అయినా ఆ చోటు పోయింది. ఈ కథకు అరుదైన కొనసాగింపు ఒకటి ఉంది. అభిమానులు 1999 నాటి నియమాలతోనే నడపాలని సంకల్పించి 2009లో ప్రాజెక్ట్ 1999 అనే సర్వర్‌ను ప్రారంభించారు. అందులో బజార్ లేదు. ఎవరూ పూనుకుని ఏర్పాటు చేయకుండానే అదే సొరంగంలో మళ్లీ సంత వెలిసింది. తిరిగి వచ్చింది బొమ్మ కాదు, బొమ్మ ఎప్పుడూ అక్కడే ఉంది. తిరిగి వచ్చింది ఒకరికొకరు కావలసి రావడం. చోటుకు ప్రాణం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

2004 నవంబరు 23న విడుదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోనూ ఇటువంటిదే జరిగింది, కాకపోతే మరింత పెద్ద ఎత్తున. అందులో బ్యారెన్స్ అనే విశాలమైన ఎండు మైదానం ఉంది. ఆటలోని రెండు పక్షాల్లో ఒకటైన హోర్డ్‌లో కొత్తగా చేరిన ఆటగాళ్లు ఎక్కువమంది అక్కడ చాలా రోజులు గడపవలసి వచ్చేది. మొదటి కాలంలో నలభయ్యో స్థాయికి చేరితే గాని వాహనం దొరికేది కాదు, కనుక అందరూ కాలినడకనే తిరిగారు. వెతకవలసిన వస్తువు ఎక్కడుందో మ్యాప్ చూపేది కాదు. మాన్‌క్రిక్ అనే పాత్ర తన భార్య జాడ కనుక్కోమని కోరతాడు, ఆమె ఎక్కడుందో ఎవరికీ ఒక పట్టాన దొరకదు. అందుచేత ఆ ప్రాంతపు ఉమ్మడి చాట్‌లో రోజంతా ఎవరో ఒకరు మాన్‌క్రిక్ భార్య ఎక్కడని అడుగుతూనే ఉండేవారు, ఎవరో ఒకరు జవాబిస్తూనే ఉండేవారు, ఆ జవాబు నుంచి కబుర్లు ఎటో వెళ్లిపోయేవి. తెలియకపోవడమే పలకరింపుకు సాకు అయింది. అలా కలిసినవారిలో కొందరు మరుసటి రోజూ కలిసేవారు.

2009 డిసెంబరులో వచ్చిన 3.3 మార్పు రెండు పనులు చేసింది. వెతకవలసిన చోట్లను మ్యాప్ మీద గుర్తులు పెట్టి చూపడం మొదటిది. రెండవది డంజన్ ఫైండర్. అంతకు ముందు ఒక గుహలోకి వెళ్లాలంటే తన సర్వర్‌లోనే నలుగురిని అడిగి కూడగట్టుకుని, అంతా కలిసి లోకం మీదుగా ఆ గుహ వాకిటి దాకా నడవాలి. ఇప్పుడు ఒక మీట నొక్కితే ఇతర సర్వర్ల నుంచి కూడా నలుగురు అపరిచితులను యంత్రమే జతచేసి, అందరినీ నేరుగా గుహ లోపల దించుతుంది. పని ముగిశాక వారు మళ్లీ ఎదురుపడే అవకాశం దాదాపు లేదు. ఈ సౌకర్యాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. పని ముగించుకుని రాత్రి ఒక్క గంట మాత్రమే తీరిక చిక్కే మనిషికి, అంతకు ముందు ఆ గంటంతా జనాన్ని పోగుచేయడానికే సరిపోయేది. డంజన్ ఫైండర్ వచ్చాకే తాను ఆడగలిగానని చెప్పేవారు ఎందరో ఉన్నారు, వారి మాట నిజం. అయినా గుహ వాకిళ్లు, వాటికి వెళ్లే కనుమలు, దారిలో పడ్డ అవస్థలు ఆటగాళ్ల మనసుల్లోంచి తప్పుకున్నాయన్నదీ అంతే నిజం. వాకిలిని ఎవరూ చూడకపోతే అది ఎవరికి గుర్తుంటుంది?

ఇల్లు, పనిచేసే చోటు కాకుండా మనుషులు ఊరికే కలిసే మూడో చోటు సమాజానికి అవసరమని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ప్రతిపాదించాడు. మన రచ్చబండ, వీధి అరుగు, టీ కొట్టు బల్ల ఆ కోవలోనివే. ఆన్‌లైన్ ఆటలు కూడా అటువంటి మూడో చోట్లేనని 2006లో కాన్‌స్టన్స్ స్టైన్‌కూలర్, దిమిత్రి విలియమ్స్ వాదించారు. అదే ఏడాది మరో పరిశోధక బృందం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్లు ఎక్కువ సమయం ఒంటరిగానే ఆడుతున్నారని, చుట్టూ జనం కనిపిస్తూ ఉండటమే వారికి చాలునని లెక్కలు చూపింది. ఈ రెండూ పరస్పర విరుద్ధమని అనిపించినా, టీ కొట్టు దగ్గర కూర్చునే వారిని గమనిస్తే వైరుధ్యం తొలగిపోతుంది. అక్కడికి వచ్చిన వారంతా మాట్లాడరు. పేపరు ముఖానికి అడ్డంపెట్టుకుని గంటసేపు మౌనంగా కూర్చుని వెళ్లేవాడికి కూడా ఆ కొట్టు మూతపడితే లోటుగానే ఉంటుంది.

ఆ బంధాలు పైపైనివే అనేవారు తెలుసుకోవలసిన సంగతి ఒకటి నార్వేలో జరిగింది. కండరాలు క్షీణించే వ్యాధితో చక్రాల కుర్చీకి పరిమితమైన ఒక యువకుడు 2014లో మరణించాడు. కొడుకు ఒంటరిగా బతికాడని బాధపడుతున్న తల్లిదండ్రులకు, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో అతనితో ఏళ్ల తరబడి తిరిగిన వారి నుంచి ఒకదాని వెంట ఒకటిగా ఉత్తరాలు రాసాగాయి. వారిలో కొందరు వేరే దేశాల నుంచి వచ్చి అంత్యక్రియలకు హాజరయ్యారు.

ఇప్పుడు తిరిగి ఎరాంగెల్‌కు వస్తే, పైకి కాల్పుల ఆటగా కనిపించే దాని నిర్మాణంలో విరామం ఎంత ఉందో తెలుస్తుంది. వందమందిని ఎక్కించుకున్న విమానం దీవి మీదుగా తిన్నగా ఎగురుతుంది. ఆ దారి ప్రతి ఆటకూ మారుతుంది, కనుక ఎక్కడ దిగాలన్నది ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవలసిన చర్చ. పొచింకి అంటే ఒకడు, జార్జోపోల్ అంటే మరొకడు, ఎవరూ రాని మూల పల్లెలో దిగి బతుకుదామని మూడోవాడు. పారాచూట్ మీద గాలిలో తేలుతున్నంతసేపూ చేతులకు పెద్దగా పని లేదు. దిగాక ఇళ్లలో తుపాకులు, హెల్మెట్లు ఏరుకుంటూ ఒకరికి కావలసింది మరొకరు పిలిచి ఇచ్చుకోవడం. ఆ తరువాత బతకగలిగే నేలను కుదిస్తూ నీలి వలయం ముంచుకొస్తుంటే పొలాల మీద సుదీర్ఘమైన పరుగు. దీవిని ఈ కొస నుంచి ఆ కొసకు కాలినడకన దాటాలంటే ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. అరగంట సాగే ఆటలో కాల్పులు జరిగేది కొద్ది నిమిషాలే, మిగతాదంతా నలుగురు స్నేహితులు మైకులు తెరిచిపెట్టుకుని పొలాల వెంట పోతూ చెప్పుకునే కబుర్లు. చనిపోయినవాడు కూడా వెంటనే వెళ్లిపోడు, బతికున్న స్నేహితుడి భుజం మీదుగా తెర చూస్తూ సలహాలిస్తాడు.

చనిపోయినవాడు ఆగి చూడటమన్న ఈ ఏర్పాటుకు ముందు తరం వారు మరో చోట అలవాటుపడ్డారు. ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలో, ఇంటర్నెట్ సెంటర్లలో కౌంటర్-స్ట్రైక్ ఆడిన వారికి డస్ట్ 2 అనే మ్యాప్ సొంత వీధి వంటిది. డేవ్ జాన్‌స్టన్ అనే కుర్రవాడు 2001లో దాన్ని తయారుచేశాడు. ఇసుక రంగు గోడలు, రెండు బాంబు స్థలాలు, వాటి మధ్య కొన్ని సందులు, అంతే ఉన్న చిన్న చోటు అది. అందులో చచ్చినవాడు రౌండు ముగిసేదాకా కాచుకోవాలి. హాస్టల్‌లో అయితే లేచి వెళ్లి పక్కవాడి కుర్చీ వెనక నిలబడతాడు. శత్రువు ఎక్కడున్నాడో అరక్షణంలో చెప్పాలి కాబట్టి ప్రతి మూలకూ, ప్రతి పెట్టెకూ పేరుండాలి. ఆ పేర్లలో కొన్ని ప్రపంచమంతటా ఒకటే, మరికొన్ని ఒక్కో గది వారు తమకు తామే పెట్టుకున్నవి. పేరు పెట్టడంతో చోటు సొంతమవుతుంది. పల్లెల్లో చెరువు గట్టు మీది ఒక్కో చెట్టుకూ ఒక పేరు ఉండటం, బయటి ఊరివాడికి ఆ పేర్లు తెలియకపోవడం వంటిదే ఇది. ఎరాంగెల్‌లోనూ మ్యాప్ మీద అచ్చయిన రష్యన్ పేర్లు ఒకటైతే, ఒక స్నేహబృందం తమలో ఎవడో హాస్యాస్పదంగా చచ్చిన ఇంటికి పెట్టుకున్న పేరు మరొకటి. రెండవ రకం పేర్లు ఏ మ్యాప్‌లోనూ దొరకవు, ఆ నలుగురూ విడిపోతే ఆ పేర్లూ పోతాయి.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర నేలకు దిగిన తరువాత ఈ అనుభవం ఇంటర్నెట్ సెంటర్ దాటి పల్లె ఇంటి మేడ మీదికి చేరింది. కంప్యూటర్ కొనలేని ఇళ్లలోనూ ఫోన్ ఉంది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలై హాస్టళ్లు ఖాళీ అయినప్పుడు, ఒకే గదిలో ఉన్న నలుగురు నాలుగు జిల్లాలకు చెదిరిపోయి రాత్రి పూట పొచింకిలో కలుసుకున్నారు. ఆ నెలల్లో వారు కలిసి ఉన్న చోటు ఏదని అడిగితే ఎరాంగెల్ అని చెప్పడం అతిశయోక్తి కాదు, అక్షరాలా నిజం. అదే ఏడాది సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం మరెన్నో యాప్‌లతో పాటు పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. అక్టోబరు 30న భారతదేశంలోని ఆటగాళ్లకు సర్వర్లు ఆగిపోయాయి. 2021 జులై 2న బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా పేరుతో దీవి తిరిగి వచ్చింది, 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మళ్లీ తొలగింది, 2023 మేలో మరోసారి వచ్చింది. రాకపోకలు ఇన్నిసార్లు జరిగినా పొచింకి చర్చి చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. మారింది దిగే నలుగురి పరిస్థితి. కోర్సు పూర్తయినవాడు ఒకడు, రాత్రి షిఫ్టులో చేరినవాడు ఒకడు, పెళ్లయినవాడు ఒకడు. దీవి తెరుచుకున్న రోజున ఎగబడి దించుకున్న వారిలో చాలామంది రెండు వారాల్లో మానేయడానికి ఆటలో లోపం కారణం కాదు.

పాత చోట్లను తిరిగి ఇస్తామని సంస్థలే ముందుకు రావడం ఈ దశాబ్దపు పరిణామం. 2010 చివర క్యాటక్లిజమ్ విస్తరణ కోసం చీల్చివేసిన బ్యారెన్స్ మైదానం 2019 ఆగస్టులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో పాత రూపంతో ప్రత్యక్షమైంది. ఫోర్ట్‌నైట్ అనే ఆట తన మొదటి దీవిని 2023 నవంబరులో తిరిగి తెరిచినప్పుడు ఒక్క రోజులో 4 కోట్లకు పైగా జనం ఆడారని దాని నిర్మాతలు ప్రకటించారు. ఈ రెండింటి మధ్య గమనించదగిన భేదం ఉంది. క్లాసిక్ పాత నేలతో పాటు పాత కష్టాన్నీ తిరిగి తెచ్చింది. డంజన్ ఫైండర్ లేదు, గుర్తులు లేని మ్యాప్, నలభయ్యో స్థాయి దాకా నడక. అందువల్ల పాత స్నేహితులు రాకపోయినా కొత్తవారితో అదే రకమైన పలకరింపులు మళ్లీ పుట్టాయి, సొరంగంలో సంత మళ్లీ వెలిసినట్టే. ఫోర్ట్‌నైట్ దీవి ఇచ్చినది ప్రధానంగా దృశ్యం. అది చూసి కళ్లు చెమర్చిన వారుంటే వారి కన్నీళ్లు నిజమైనవే, అవి ఆ దీవి కోసం కాక తాము పదమూడేళ్ల వయసులో బడి వదలగానే ఖాళీగా ఉన్న సాయంత్రాల కోసం.

తిరిగి రాని చోట్లు కూడా ఉన్నాయి. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆట 2012 నవంబరు 30న మూతపడింది. మూత ప్రకటన వెలువడిన తరువాత ఆటగాళ్లు అట్లాస్ పార్క్ అనే కూడలిలో గుమిగూడి, పాత్రల చేత కాగడాలు పట్టించి నిరసన తెలిపారు. ఏళ్ల తరువాత అభిమానులు రహస్యంగా కాపాడుకున్న ఆ ఆట నకలు బయటపడి, 2024 జనవరిలో హక్కుదారు సంస్థ వారి హోమ్‌కమింగ్ సర్వర్‌కు అధికారికంగా అనుమతి ఇచ్చింది. ఇలాంటి సుఖాంతం చాలా అరుదు. 2024 మార్చి 31న ద క్రూ అనే కారు ఆట సర్వర్లు ఆగిపోయి, డబ్బిచ్చి కొన్నవారికి కూడా ఆ లోకపు దారులు మూసుకుపోయాయి. అమ్మిన ఆటను ఆడలేని స్థితికి తేవడాన్ని అడ్డుకోవాలని యూరప్‌లో మొదలైన వినతికి 2025 జులై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఈ కోరిక సమంజసమైనదే. సర్వర్లను ఎల్లకాలం నడపమని అందులో ఎవరూ అడగడం లేదు, మూసివేసే ముందు ఆటగాళ్లు తామే నడుపుకునే మార్గం విడిచి వెళ్లమనే అడుగుతున్నారు. ఒక మనిషి పదేళ్ల స్నేహాలకు ఆనవాలుగా మిగిలిన చోటును మీట నొక్కి తుడిచేసే ముందు కనీసం ఆ మాత్రం బాధ్యత ఉండాలి.

ఈ విషయంలో మైన్‌క్రాఫ్ట్ తీరు వేరు. 2011 నవంబరులో పూర్తిస్థాయిలో విడుదలైన ఆ ఆట కంప్యూటర్ రూపంలో, స్నేహితులు కట్టుకున్న లోకం ఒక ఫోల్డర్‌గా వారి యంత్రంలోనే ఉండగలదు. సర్వర్ అద్దె కట్టడం మానేసినా, ఎవరైనా ఒకరు ఆ ఫోల్డర్‌ను దాచి ఉంచితే ఏడేళ్ల తరువాత కూడా తెరిచి తిరగవచ్చు. ఆట మొదటి తెర మీద మసకగా తిరుగుతూ కనిపించే ప్రకృతి దృశ్యం ఏ లోకంలోదో తెలుసుకోవాలని ఎందరో ఔత్సాహికులు తమ కంప్యూటర్లను కలిపి లెక్కలు కట్టించి 2020 జులైలో దాని జాడ కనుక్కున్నారు. ఆటలోకి అడుగుపెట్టే ముందు క్షణంపాటు చూసిన కొండ కోసం అంత శ్రమ పడ్డారంటే చోటు మీద మనిషికి ఉండే మమకారం ఎటువంటిదో అర్థమవుతుంది.

తెలుగు యువకుల స్నేహబృందాలకు ఈ భేదం సిద్ధాంతం కాదు, రోజువారీ ఇబ్బంది. హాస్టల్ గదిలోని నలుగురిలో ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు డాలస్‌లో, ఒకరు లండన్‌లో ఉండటం ఇప్పుడు సాధారణం. బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా భారతదేశానికి ప్రత్యేకించినది, బయటి దేశాల్లో ఆడేది వేరే పబ్‌జీ మొబైల్. అంటే పొచింకి రెండు ప్రతులుగా ఉంది, డాలస్‌లోని వాడు ఒక పొచింకిలో, హైదరాబాద్‌లోని వాడు మరో పొచింకిలో దిగుతారు. ఇద్దరికీ కలిపి ఒకే ఆట దొరికినా దూరం ఊరుకోదు. హైదరాబాద్ నుంచి డాలస్ దాదాపు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, కనుక తిన్నని తీగ ఉందనుకున్నా సంకేతం వెళ్లి రావడానికి 140 మిల్లీసెకన్లు తప్పవు. నిజానికి తీగలు సముద్రాల అడుగున చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. కాల్పుల ఆటలో ఆ జాప్యం అంటే చూసేలోపే చచ్చిపోవడం. పైగా ఒకరి శనివారం రాత్రి మరొకరికి ఆదివారం పొద్దు.

అందుకే ఇలా చెదిరిన బృందాలకు వేగంతో పని లేని ఆటలు బాగా పనికొస్తాయి. మైన్‌క్రాఫ్ట్‌లో ఇల్లు కట్టడానికి పావు సెకను జాప్యం అడ్డం కాదు, నలుగురూ ఒకేసారి ఉండవలసిన అవసరమూ లేదు. ఇక్కడ ఎదురుచూపు నిమిషాల నుంచి రోజులకు సాగుతుంది. ఒకడు రాత్రి సగం గోడ కట్టి వెళ్తాడు. మరొకడు తనకు పొద్దున, అంటే అవతలివాడికి అర్ధరాత్రి, వచ్చి చూస్తే గోడ మీద దివిటీ వెలుగుతూ ఉంటుంది, కింద చెక్కపలక మీద ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసి ఉంటుంది: పెట్టెలో రొట్టెలున్నాయి, తిను, వెళ్లేటప్పుడు తలుపు వేసి వెళ్లు.